రంగు చూసి రోగం చెప్పాను

ఆరోగ్యం రంగులో తెలిసిపోతుందని నేను గట్టిగా నమ్మాను. 1982లో విలియం హామిల్టన్, మార్లీన్ జుక్ పక్షుల గురించి ఒక ప్రతిపాదన చేశారు: ఈకల మెరుపు ఆ పక్షి పరాన్నజీవులను ఎంతవరకు తట్టుకోగలదో చెబుతుందని. పసుపు, ఎరుపు రంగులిచ్చే కెరోటినాయిడ్ల మీద ఆ తర్వాత అలాంటి పరిశోధనలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని చదివి, ఆ మాటను తెచ్చి కాలిఫోర్నియా ఇసుకపీతలకు అంటగట్టాను.

మాంటెరే బే ఒడ్డున, అల వెనక్కి తగ్గేచోట ఇసుకలో చెయ్యి పెడితే ఈ పీతలు గుప్పిట్లోకి వస్తాయి. శాస్త్రీయనామం ఎమెరిటా అనలోగా. కోలగా ఉండే బూడిదరంగు డిప్ప, కొండీలు లేవు, కదిలితే వెనక్కే. ఆడపీతను వెల్లకిలా తిప్పి తోకను కాస్త ఎత్తితే గుడ్ల ముద్ద కనిపిస్తుంది. కొన్నిటికి ముదురు నారింజ, కొన్నిటికి మాసిన బూడిద. నారింజవి ఆరోగ్యంగా ఉన్నవి, మాసినవి పురుగు పట్టినవి అని తేల్చేశాను. మా అమ్మాయికీ దాని స్నేహితులకూ అదే నేర్పాను. రెండు బకెట్లు పెట్టి వేరు చేయించాను. జబ్బువి నీళ్ళలోకి వెళ్తే మిగతావాటికి అంటిస్తాయని చెప్పి పొడి ఇసుక మీద పారబోయించాను. సీగల్ పక్షులు వాలి ఊడ్చేశాయి.

అంతకుముందే మా అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, "అమ్మా, గుడ్లలో నల్ల చుక్కలున్నాయి, ఒక్కోదాంట్లో రెండేసి" అంది. "అవే పురుగులమ్మా" అన్నాను.

అవి కళ్ళు.

పీత కెరోటినాయిడ్లను సొంతంగా తయారుచేసుకోలేదు. ఈకల్లాంటి మీసాలతో అలలోంచి వడకట్టుకునే సూక్ష్మజీవుల నుంచే అవి రావాలి. తల్లి వాటిని సొనలోకి పంపుతుంది, కొత్త గుడ్డు నారింజగా ఉండేది అందుకే. పిండం సుమారు నెలపాటు ఆ సొన తింటూ పెరుగుతుంది. సొన తరిగేకొద్దీ నారింజ వెలిసిపోయి కళ్ళు తేలతాయి. అంటే నేను పారబోయించినవి రేపోమాపో పిల్లలు బయటికి రావలసిన గుడ్లు. అయినా ఆ నారింజ ఎవరికి చూపించుకోవడానికి? తల్లి ఇసుకలో, గుడ్లు తోక కింద. కాస్త ఆగి ఆలోచిస్తే తట్టవలసిన విషయం. చదివింది కళ్ళముందు నిజం కావాలన్న ఆత్రంలో నేను ఆగలేదు.

పురుగు మాత్రం నిజంగానే ఉంది. ప్రొఫిలికోలిస్ అనే ముళ్ళతల పురుగు. ఒడ్డున చచ్చిపడి ఉన్న పెద్ద పీతనొకదాన్ని తర్వాత ట్రేలో కోసి చూశాను. దాని గుడ్లు చక్కటి నారింజ. డిప్ప లోపల మాత్రం లేతరంగు గింజల్లా ఆ పురుగు లార్వాలు. పైకి ఏ ఆనవాలూ లేదు. ఈ పురుగు గుడ్లు సీగల్ రెట్టలో పడతాయి, పీత మింగుతుంది, లార్వా పీత ఒంట్లో ఉండిపోతుంది. పక్షి ఆ పీతను తింటేనే అది పెద్దదై గుడ్లు పెడుతుంది. అడ్డుకుంటున్నాననుకుని, అది ఏ పొట్టకు చేరాలో ఆ పొట్టకే నా చేతులతో, పసిపిల్లల చేతులతో చేర్చాను. అదే పీతను నీటికుక్క తింటే పురుగు అందులో ఎదగదు, పేగు గోడను తొలుచుకుని బయటపడుతుంది. ఆ తీరంలో సముద్రపు నీటికుక్కలు ఇలా చచ్చిపోవడం పశువైద్యులు చూస్తూనే ఉన్నారు.

పిల్లలందర్నీ మళ్ళీ పిలిచి, నేను నేర్పింది తప్పని చెప్పాను. "మరి పురుగున్న పీతను ఎలా కనిపెట్టాలి ఆంటీ?" అని ఒకడు అడిగాడు. పైకి చూసి చెప్పలేమన్నాను. పీత ఎంత పెద్దదైతే పురుగులు ఉండే అవకాశం అంత ఎక్కువ, ఎక్కువకాలం బతికింది ఎక్కువ మింగి ఉంటుంది కాబట్టి. ఇప్పుడు డిప్ప పొడవు కొలిచి, గుడ్ల రంగు రాసి, పక్కన "కళ్ళు ఉన్నాయి" అనో "లేవు" అనో రాస్తున్నారు. పీతల్ని తడి ఇసుకలోకే వదిలేస్తున్నారు.