డీఎన్సీ తర్వాత ఈ మాటలు వినకండి

రెండు, మూడు నెలల గర్భం పోయి, డీఎన్సీతో గర్భసంచి కడిగించుకుని నెక్కొండకు తిరిగొచ్చిన ఆడబిడ్డకు సలహాల కొదవుండదు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి.

"మైలంత పోవాలె బిడ్డా, ఎంత పోతే అంత మంచిది." అన్నిటికన్నా ప్రమాదం ఈ మాటతోనే. కడిగాక వారం, రెండు వారాలు కొద్దికొద్దిగా కనిపించడం మామూలే. కానీ గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ రెండు గంటలైనా తగ్గకపోతే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, లోపల ముక్క మిగిలిపోయి ఉండొచ్చు, గర్భసంచి సరిగా ముడుచుకోకపోయి ఉండొచ్చు. పాతగుడ్డలు వాడితే ఎంత పోతోందో అంచనా దొరకదు. ఆ రోజుల్లో ప్యాడ్లే వాడండి, మార్చిన టైమ్ గుర్తుపెట్టుకోండి. రక్తం అలా పోతుంటే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. వరంగల్ పోయే పొద్దుటి రైలు కోసం కూర్చోవద్దు.

"జరమే గదా, ఆర్‌ఎంపీతోని ఒక సూది ఏపిస్తే పోతది." సూదికి జ్వరం దిగొచ్చు, లోపలి ఇన్ఫెక్షన్ దిగదు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, చెడు వాసనతో తెలుపు అవుతున్నా, పొత్తికడుపు నొప్పి పెరుగుతున్నా అదే రోజు పెద్దాస్పత్రికి వెళ్లాలి. వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆస్పత్రి ఉంది, ఎంజీఎం ఉంది. పొట్ట గట్టిపడి వాంతులైతే గర్భసంచికి చిల్లు పడిందేమో చూడాలి. అరుదే, కానీ ఆగే పని కాదు.

"అనుమానమెందుకు, ఇంకోసారి గీకిస్తే సాఫ్ అయితది." స్కానింగ్ చూడకుండా ఒప్పుకోవద్దు. పదేపదే గీకితే గర్భసంచి లోపలి గోడలు అతుక్కుపోవచ్చు; 1948లో ఆషర్మన్ అనే వైద్యుడు వివరంగా రాసిన జబ్బు ఇది. ముట్టు తగ్గిపోతుంది, లేదా ఆగిపోతుంది. గీకడం కన్నా గాలితో లాగే పద్ధతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ పద్ధతిలో చేస్తారో ముందే అడగండి. ఆరేడు వారాలైనా ముట్టు రాకపోతే "రక్తం లేదు" అని సరిపెట్టుకోకండి, డాక్టర్‌కు చూపించండి.

"బ్లడ్ గ్రూపు కాన్పప్పుడు చూస్కుందాం." నెగెటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ఆస్పత్రిలోనే అడగాలి. అవసరమైతే 72 గంటల్లోపు వేయాలి.

"బొప్పాయి తిన్నవ్, బిందె ఎత్తినవ్, అందుకే పోయింది." తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగానికి సగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. ఎవరి తప్పూ కాదు. నింద పడ్డ పిల్ల రక్తం ధారగా పోతున్నా అత్త ముందు నోరు విప్పదు. ఆలస్యం మొదలయ్యేది అక్కడే.

అత్తలకు, భర్తలకు ఒక విన్నపం. ఎంత పోతోందో, జ్వరముందో లేదో రోజూ మీరే అడగండి. డిశ్చార్జి కాగితం చేతికందేలా పెట్టుకోండి. మళ్లీ వెళ్లాల్సి వస్తే డాక్టర్ ముందు అడిగేది అదే.