మంచుకు తగ్గ కారు

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు వినబడని గల్లీ తక్కువ. తెలంగాణ నుంచి బతుకుదెరువుకు వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ బట్ట నేసే సాంచెలు నడుపుకుంటున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన కూతురికి అమెరికాలోని మిన్నియాపొలిస్ సంబంధం కుదిరింది.

"కట్నం మాటెత్తకండి మామయ్యా, నాకు నచ్చదు" అన్నాడు అబ్బాయి వీడియో కాల్‌లో. "ఇక్కడ చలికాలమంతా మంచే. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. మీ అమ్మాయి ఆ చలిలో బస్సు కోసం నిలబడకూడదు. మంచులో నడిచే మంచి కారొకటి ఉంటే చాలు."

పెద్దాయన తటపటాయిస్తుంటే సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఎత్తిపొడిచాడు. "2014 దీపావళికి మన సూరత్ వజ్రాల సేటు పనోళ్లకు 491 కార్లు పంచిండు. నువ్వు అల్లునికి ఒక్కటియ్యలేవా?"

జనవరిలోనూ మధ్యాహ్నానికి స్వెటరు విప్పేసే ఊళ్లో మంచు కార్ల చదువు మొదలైంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందితే జారే రోడ్డు మీద కూడా బండి కదులుతుందన్నాడు అల్లుడు.

"కదులుతది సరే, ఆగుతదా?" అని అడిగాడు, యంత్రాల మధ్యే తల నెరిసిన మామ.

ఆగడం టైర్ల చేతిలో ఉందట. వేడి ఏడు డిగ్రీల కిందికి పడిపోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. చలికాలపు టైర్ల రబ్బరు మెత్తగానే ఉండి రోడ్డును కరుచుకుంటుంది.

"అయితే అవి గూడ కొనుండ్రి" అన్నాడు. సీట్లు వేడెక్కే మోడల్‌కు ఖరీదెక్కువ. "మా బిడ్డ కూసునే సీటు గద, వెచ్చగుండాలె" అని దానికీ ఒప్పుకున్నాడు. షెడ్డుతో సహా పన్నెండు సాంచెలు అమ్మాడు. ఆ మరుసటి నెల అదే షెడ్డులో కూలికి కుదిరాడు.

పెళ్లయింది. కారొచ్చింది. ఫొటో చూసి గల్లీ గల్లీ మురిసింది.

జనవరిలో ఒక రాత్రి సాంచెల చప్పుడు మధ్య ఫోను మోగింది. అవతల గాలి హోరు, కూతురి ఎగశ్వాస.

"యాడున్నవ్ బిడ్డా?"

"బస్టాపుల, బాపూ. బస్సు లేటయింది."

"కారు చెడిపోయిందా?"

"లేదు, గ్యారేజీల ఉంది. మంచు కరగాలని ఈడ రోడ్ల మీద ఉప్పు చల్లుతరు. ఆ ఉప్పు తగిలితే బండి కింద తుప్పు పడతదట. ఎండాకాలం వచ్చినంక తీద్దామన్నడు."

"మరి అల్లుడెట్ల పోతుండు ఆఫీసుకు?"

"ఆయనకు ఇంట్ల నుంచే పని."

పెద్దాయన నోట మాట రాలేదు. కూతురే ధైర్యం చెప్పింది.

"బుగులు పడకు బాపూ. నీ అల్లుడు మస్తు జాగ్రత్త మనిషి. మనమిచ్చిన వాటిల్ల ఒక్క కారును మాత్రం పానం లెక్క చూసుకుంటడు."