వేసవి విధానకర్త

మే నెలలో ఢిల్లీ రైలెక్కేటప్పుడు అతను మామూలు డిగ్రీ కుర్రాడే. ఆరు వారాల పబ్లిక్ పాలసీ లీడర్‌షిప్ ప్రోగ్రామ్ ముగించుకుని విజయవాడలో దిగేసరికి మెడలో ఐడీ కార్డు తాడు, సంచిలో రంగురంగుల స్టిక్కీ నోట్లు, నోట్లో 'స్టేక్‌హోల్డర్'. కుళాయి రాకపోతే అది ఇక కుళాయి గొడవ కాదు, 'లాస్ట్ మైల్ డెలివరీ'. చెత్తబండి రెండు రోజులు రాకపోతే వీధివాళ్లు మున్సిపాలిటీని తిట్టుకుంటారు. ఇతను గోడకు పసుపు చీటీ అంటించి 'రూట్ కాజ్' అని రాస్తాడు. సాయంత్రానికి చీటీ ఊడి ఆ చెత్తలోనే కలుస్తుంది.

ఇతని ఇంగ్లీషు ముక్కలకు నవ్వడం అన్యాయం. రెవెన్యూ వాళ్ల అడంగల్, పహాణీ మాత్రం అందరికీ అర్థమయ్యే మాటలా? ఆరు వారాల్లో ఏం వస్తుందిలే అని కొట్టిపారేయడమూ సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీనే చూడండి. కూలీల ఇళ్ల పిల్లలకే కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి ఊళ్లలోకి పంపారు. వాళ్లు మస్టర్ రోల్ పట్టుకుని గడపగడపకూ వెళ్లి, 'నీ పేరున ఇన్ని రోజులు రాశారు, పనికి పోయావా, డబ్బు ముట్టిందా?' అని అడిగి, తేలినదాన్ని ఊరందరి ముందు చదివారు. మన కుర్రాడికి వాళ్లకంటే ఎక్కువ రోజులే దొరికాయి. దొరకనిది మస్టర్ రోల్. అతని చేతిలో పెట్టింది కేస్ స్టడీ. అంటే ఎప్పుడో జరిగిపోయిన కథ. దానికి ఏ పరిష్కారం చెప్పినా కాదనే కూలీ ఉండడు, రేపు రమ్మనే గుమాస్తా ఉండడు. అడ్డు చెప్పేవాళ్లు లేనిచోట పాలసీ కంటే ముందు లీడర్‌షిప్పే వంటబడుతుంది మరి! రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం మీద 10 స్లైడ్లు చేస్తాడు. అరిగిపోయిన బొటనవేలిని కొంగుకు తుడుచుకుని, నొక్కి, మళ్లీ తుడుచుకుని, మళ్లీ నొక్కే ముసలమ్మ అందులో 'ఫెయిల్యూర్ రేటు' అనే గడిలోకి వెళ్లి కూర్చుంటుంది.

'ఈడువాళ్లంతా ఈఏపీసెట్ ర్యాంకులు, ప్యాకేజీలు అంటుంటే ఒక్కడు ప్రభుత్వం గురించి ఆలోచిస్తున్నాడు, వాణ్ణీ వెక్కిరించాలా?' అంటారేమో. మాట నిజమే. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిందనీ, 12వ షెడ్యూల్లో పట్టణ సంస్థల కోసం 18 అంశాలు రాశారనీ, అందులో చెత్త కూడా ఉందనీ ఆ వీధిలో తెలిసింది ఇతనొక్కడికే. బిల్లుకూ చట్టానికీ తేడా తెలిసినవాడు ఇంట్లో ఉండటం చిన్న సంగతేం కాదు. 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలనీ తెలుసు. ఇంతవరకు ఒక్కటీ పెట్టలేదు. ముసాయిదా మీద స్నేహితులతో 'కన్సల్టేషన్' నడుస్తోంది.

రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. వాటి మీద వికేంద్రీకరణ అంటూ 14 పేజీల మెమో రాసి మంత్రిగారికి మెయిల్ కూడా చేశాడు. ఆదాయ ధ్రువపత్రం పని చూసుకురారా అని తల్లి అక్కడికే పంపితే, వీధి మలుపు నుంచి ఫోన్ చేస్తాడు: 'అమ్మా, మన సచివాలయం ఎక్కడే?'