మసకగాడి సొంత కథ

నా పేరు గాసియన్ బ్లర్. ఫొటోషాప్‌లో ఫిల్టర్ మెనూ దింపి బ్లర్ దగ్గర ఆగితే కనిపిస్తాను. పెళ్లి ఫొటోల స్టూడియో కుర్రాళ్లకు అంత పొడుగు పేరు పలికే తీరిక ఉండదు. "దానికి కాస్త బ్లర్ కొట్టరా" అంటారు, అంతే. గాస్ అనే జర్మన్ గణితవేత్త గ్రహాల కదలికల మీద 1809లో ఒక పుస్తకం వేశాడు. పరిశీలనల్లో దొర్లే తేడాలను లెక్కకట్టడానికి అందులో వాడిన గంట ఆకారపు గీతే నా వెన్నెముక. ఆకాశం చూసేవాళ్ల లెక్క తిరిగి తిరిగి పెళ్లికూతురి బుగ్గ మీదకు చేరింది.

చేసే పని చిన్నదే. కంప్యూటర్‌కు ఫొటో అంటే గళ్లు, గడిలో అంకెలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా. నేను ప్రతి గడి దగ్గరా ఆగి ఇరుగుపొరుగును కలుపుకుని సగటు తీస్తాను. మూడు గళ్ల చదరమైతే నడిమి గడికి 4 వంతులు, నాలుగు పక్కలకు రెండేసి, మూలలకు ఒక్కోటి, వెరసి 16. చుట్టూ నలుపున్న చోట 255 విలువ గల తెల్లచుక్క ఒక్కటే ఉంటే, నా చెయ్యి పడ్డాక 64కు దిగుతుంది. తగ్గిన వెలుగంతా పక్కవాళ్లకు వెళ్తుంది. పంచడమే తప్ప పారెయ్యడం నాకు రాదు.

నేనున్న ఇంటిని కట్టింది అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ థామస్ నోల్ 1987లో మొదలుపెట్టాడు. సినిమాల్లో గ్రాఫిక్స్ చేసే జాన్ నోల్ వచ్చి చెయ్యి కలిపాడు. 1990లో అడోబీ దాన్ని అమ్మకానికి పెట్టింది. లేయర్లు, అంటే ఫొటో మీద పరిచే పొరలు మాత్రం 1994 దాకా లేవు. అవి వచ్చాకే నా బతుకు బాగుపడింది. అంతకుముందు వేసిన మసక ఫొటోకే అంటుకుపోయేది.

ఇప్పుడు స్టూడియోలో నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. "మచ్చలు కనపడకుండా చూడు బాబూ" అంటుంది పెళ్లికూతురి తల్లి. కుర్రాడు కంట్రోల్ జే నొక్కి ఫొటోకు ఇంకో పొర తీస్తాడు. ఆ పొర మీద నన్ను వదులుతాడు. నల్ల మాస్కుతో పొరనంతా మూసి, తెల్ల బ్రష్షుతో బుగ్గలు, నుదురు మాత్రం తెరుస్తాడు. కళ్లు, కనుబొమలు, పెదాలు, ముక్కుపుడక జోలికి పోకూడదు. తర్వాత ఆ పొర గాఢతను, అంటే ఓపాసిటీని, సగానికి దించాలి. పనితనమంతా ఆ దించడంలోనే ఉంది. దించనివాడి ఆల్బమ్‌లో ముఖాలన్నీ మైనపు బొమ్మలే. "ఇంకా తెల్లగా చెయ్యన్నా" అనే పెళ్లికొడుకులు నా శాఖ కాదు.

వెనక జనాన్ని మసకబార్చమన్నప్పుడు అసలు తంటా. మనిషిని కత్తిరించి పై పొరలో పెట్టి, కింది ఫొటో మీద నన్ను వదిలేస్తారు. కింద ఆ మనిషి బొమ్మ ఇంకా ఉందిగా! నేను పక్క గళ్లను కలిపేవాణ్ణి కాబట్టి పెళ్లికూతురి ఎర్రచీర రంగు వెనకున్న గోడలోకి పాకి, ఆమె చుట్టూ ఎర్రటి అంచు కడుతుంది. ముందు కింది పొరలో చీరను, పక్క గోడను తెచ్చి అద్దే క్లోన్ స్టాంప్‌తో గోడగా పూడ్చి, ఆపైన నన్ను పిలిస్తే ఆ మరక ఉండదు. అప్పటికీ ఒక లోటు ఒప్పుకోవాలి. నిజమైన లెన్సులో సీరియల్ బల్బులు గుండ్రటి బిళ్లల్లా విచ్చుకుంటాయి, నా చేతిలో పొగమరకలవుతాయి. ఆ పనికి లెన్స్ బ్లర్ అని మా దాయాది వేరే ఉన్నాడు.

కానీ నా పేరు కనపడని చోట్లే నాకు పని ఎక్కువ. అక్షరాల కింద పడే నీడ ఆ అక్షరాల ఆకారానికి నేను పూసిన మసకే. ఫొటో అంచుల్ని మెత్తగా కరిగించే ఫెదర్‌లో ఉన్నదీ నేనే. అన్నిటికన్నా ఘనమైంది అన్‌షార్ప్ మాస్క్. ఫిల్మ్ రోజుల్లో చీకటిగదిలో నెగెటివ్‌కు మసక పాజిటివ్ తీసి, రెండిటినీ జతచేసి ప్రింటు వేసేవారు, అంచులు తేటపడేవి. కంప్యూటర్‌లోనూ అదే తంతు. అసలు ఫొటోలోంచి నేను మసకబార్చిన నకలును తీసేస్తే అంచులు మిగులుతాయి, వాటిని తిరిగి ఫొటోకు కలుపుతారు. ఫొటో పదునెక్కిందని కస్టమర్ మురిసిపోతే నేను లోపల నవ్వుకుంటాను.

ఒక్క పనికి మాత్రం నన్ను పిలవకండి. ఆధార్ నంబరో, బ్యాంకు ఖాతా నంబరో దాచమని నా మీద వదిలేస్తున్నారు. 0 నుంచి 9 దాకా అంకెల్ని అదే అచ్చులో రాసి, ఒక్కోదాన్నీ నాతోనే మసకబార్చి పోల్చి చూస్తే, ఓపికున్నవాడికి ఏది ఏదో దొరికిపోవచ్చు. నంబరు మీద నల్లపెట్టె గియ్యండి. లేయర్లన్నీ కలిపేసి జేపీజీగా సేవ్ చేసి, ఆ ఫైలే వాట్సాప్‌లో పెట్టండి.