పైన కాపలా మొక్క, కింద పురిటిగది

దోమలకు మన మీద పగ లేదు. మన తోటల మీద గౌరవం అంతకన్నా లేదు. ఈ సంగతి దోమలకు తెలుసు, పురుగుల శాస్త్రం చదివినవాళ్లకు తెలుసు, తెలియనిదల్లా వాట్సాప్‌కే. "ఈ ఐదు మొక్కలు పెంచండి, దోమ మీ గుమ్మం తొక్కితే ఒట్టు" అనే వీడియో రేపల్లె ప్రాంతంలో ఏటా వరినాట్లకంటే ముందే పడుతుంది. బంతి, తులసి, పుదీనా, నిమ్మగడ్డి, చివరన ఊరేగింపుగా 'మస్కిటో ప్లాంట్'. పేరులోనే దోమ ఉంది కాబట్టి ధర కాస్త ఎక్కువ.

రేపల్లె దగ్గరి పెనుమూడి ఎక్కడుందో ఒకసారి చూడండి. ఓ పక్క కృష్ణ, కరకట్ట, అవతలి పులిగడ్డకు దాటించే వంతెన. ఇటు పక్క పంట కాలువలు, మురుగు కాలువలు, వరి చేలు, చెరువులు. డెల్టా చివరన ఉన్న ఊరు. ఇన్ని నీళ్ల మధ్య, గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుండీలో జానెడు మొక్కను నిలబెట్టి, ఇక నువ్వే చూసుకో అని చెప్పి మనం తలుపులు బార్లా తెరిచి పడుకుంటాం. పాపం, ఆ కాపలాదారుకు జీతం లేదు, సెలవు లేదు, ఎవరిని ఆపాలో చెప్పినవాడూ లేడు.

"పిన్నీ, మొక్క పెట్టాక దోమలు తగ్గాయా?"

"బ్రహ్మాండంగా తగ్గాయే! ఫ్యాన్ ఆగితేనే వస్తాయి."

దోమ గట్టి గాలికి ఎదురు ఎగరలేదు, అందుకే ఫ్యాన్ కింద కుట్టదు. పేరు మాత్రం మొక్కకు, కరెంటు బిల్లు ఫ్యాన్‌కు.

వీడియో చెప్పేది పూర్తిగా అబద్ధమైతే ఇంత కాలం బతికేది కాదు. అందులో పావువంతు నిజముంది. నిమ్మగడ్డి జాతి గడ్డి నుంచి తీసే సిట్రొనెల్లా నూనె ఒంటికి రాసుకుంటే దోమలు కాసేపు దూరంగా ఉంటాయి. కాసేపే, ఎందుకంటే నూనె త్వరగా ఆవిరైపోతుంది. ఆ నూనె ఆకు లోపల దాగి ఉంటుంది, నలిపితేనే దండిగా బయటికొస్తుంది. దోమ మాత్రం మనం వదిలే ఊపిరిని, ఒంటి వేడిని, చెమట వాసనను పట్టుకుని దూరం నుంచే వచ్చేస్తుంది. కుండీ దగ్గర ఆగి పరిమళం ఎలా ఉందో చూసి వెనక్కి పోయేంత తీరిక దానికి లేదు. రాత్రంతా ఆకులు నలుపుతూ కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టుకోగలిగితే, ఆ మనిషి చేతికే విసనకర్ర ఇస్తే పోలా?

ఇక మస్కిటో ప్లాంట్ ఘనత. సువాసన జిరేనియానికి సిట్రొనెల్లా గుణం తెప్పించామంటూ అమెరికాలో దీన్ని తెగ అమ్మారు. నిజమేమిటో చూద్దామని ఫ్లోరిడాలో పరీక్షించి, దోమలను తరమడంలో ఇది విఫలమైందని 1994లో ప్రచురించారు. కెనడావాళ్లు 1996లో మరో పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. మొక్క పక్కన కూర్చున్నవాళ్లను, మొక్క లేకుండా కూర్చున్నవాళ్లను దోమలు సమదృష్టితో చూశాయి. పైగా ఆ మొక్క మీదే వాలి విశ్రాంతి తీసుకున్నాయి. అక్కడ తేలిపోయి దశాబ్దాలు గడిచినా ఇక్కడ అది ఇంకా కొత్త సరుకే.

విశ్రాంతే కాదు, దోమలకు తిండి కూడా మొక్కల దగ్గరే. మగదోమ జన్మలో నెత్తురు ముట్టదు. పూలతేనె, మొక్కల రసమే దాని భోజనం. ఆడదోమకు కూడా ఎగరడానికి బలం అక్కడినుంచే, నెత్తురు కేవలం గుడ్ల కోసం. అంటే మన తోట దోమలకు అన్నసత్రం. ముందు అక్కడ ఫలహారం, ఆ తర్వాత మన దగ్గర విందు.

అసలు కథ కుండీలో లేదు, కుండీ కింద పళ్లెంలో ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇళ్ల చుట్టూ నిలిచిన శుభ్రమైన నీటిని వెతుక్కుంటుంది. పళ్లెం, నీళ్ల డ్రమ్ము, కూలర్, షోకేసు మీద మనీప్లాంట్ పెట్టిన సీసా, అన్నీ దానికి పనికొచ్చేవే. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. నీళ్లు పారబోసినా పళ్లెం అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి పొడిగా ఉన్నా తట్టుకుని, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. ఈ దోమ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోవడం అరుదు. కాబట్టి పట్టపగలు మిమ్మల్ని కుట్టిన ఏడిస్ ఎక్కడి పరాయిదో కాదు. పైన కాపలా మొక్కకు మీరు పోసిన నీళ్లే కింద పళ్లెంలోకి దిగి దాన్ని పెంచి ఉంటాయి.

దోమను నిలవ నీటి దగ్గరే ఆపాలన్నది నిన్నమొన్న కనిపెట్టింది కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆయన ఆ తర్వాత పూలతోటల పెంపకం మీద పుస్తకం రాయలేదు. దోమల నిర్మూలనకు దళాలను ఎలా నడపాలో 1902లో రాశాడు. గుంటలు పూడ్చండి, నిలవ నీళ్లు పారబోయండి అన్నదే అందులో సారం. అందులో అందంగా ఫొటో తీసుకునేది ఏమీ లేదు, అందుకే వీడియోలకు పనికిరాదు.

సర్కారుకూ దోమల మీద కోపం వచ్చిన సందర్భాలున్నాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'దోమలపై దండయాత్ర' ప్రకటించింది. ఊరూరా ర్యాలీలు, బ్యానర్లు. దోమలకు చదువు రాకపోవడం వల్ల బ్యానర్లు వృథా అయ్యాయి గానీ, చెప్పిన మాట మంచిదే: నీళ్లు నిలవనీయకండి, వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పాటించండి. చిక్కల్లా దండయాత్రకు ముగింపు సభ ఉంటుంది, మురుగు కాలువకు ఉండదు.

నిజానికి దోమతో రక్తసంబంధమంత గట్టి బంధమున్న మొక్క మన దగ్గర ఒకటుంది. ఏ నర్సరీ అమ్మదు, ఎవరూ నాటరు, ఏ వీడియోలోనూ కనబడదు. గుర్రపుడెక్క. మాన్సోనియా అనే దోమ పిల్ల దీని వేళ్లకు గొట్టం గుచ్చి, నీళ్లపైకి రాకుండానే గాలి పీల్చుకుంటూ పెరుగుతుంది. బోదకాలు క్రిముల్లో ఒక రకాన్ని మోసేది ఈ దోమే. గుర్రపుడెక్క మన కాలువల్లో పచ్చగా, లేత ఊదారంగు పూలతో ముచ్చటగా పరుచుకుంటుంది. ఊరందరి ఉమ్మడి దోమల మొక్క ఇదే. దీన్ని పీకే పని వదిలేసి ఎవరి కుండీలో వాళ్లు పుదీనా నాటుకుంటున్నాం.

కుండీ మొక్క వల్ల అందరికీ సుఖమే. కొన్నవాళ్లకు ఏదో చేశామన్న తృప్తి, అమ్మినవాళ్లకు లాభం. అన్నిటికన్నా హాయి కాలువ బాగుచేయాల్సినవాళ్లకు. ఎవరి దోమలు వాళ్ల బాధ్యత అని జనమే ఒప్పేసుకున్నాక, పూడిక తీసే బిల్లు గురించి అడిగేదెవరు? డెంగీ వస్తే తప్పు తులసిదవుతుంది.

మొక్కలు పెంచండి, బంతిని పూయనివ్వండి, పుదీనాను పచ్చడి చేసుకోండి. శుక్రవారం శుక్రవారం పళ్లెం బోర్లించి, అంచులు రుద్ది కడగండి. దోమతెర కట్టుకోండి. తర్వాత నలుగురూ కలిసి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, మురుగు కాలువలో గుర్రపుడెక్క ఎప్పుడు తీయిస్తారో తేదీ అడగండి. వాళ్లు నవ్వుతూ మీ చేతిలో ఓ మస్కిటో ప్లాంట్ పెడితే కాదనకండి. మొక్కను తెచ్చుకుని, పళ్లెం మాత్రం నీళ్లతో సహా వాళ్ల బల్ల మీదే వదిలేసి రండి.