కపాలగుహ నుండి అటక మీదికి

నేనొక బొమ్మల కథల పుస్తకమును. బొంబాయిలో అచ్చుపడి, రైలులో గుంటూరు చేరి, బ్రాడీపేటలోని ఒక అద్దె పుస్తకాల దుకాణములో ఎందరెందరో పిల్లల చేతులలో నలిగి, పిదప ఒక ఇంటి అటక మీద చిరకాలము పడియుండి, బాల్యమున నన్ను చదివినవాడే నడివయసులో మరల నన్ను తెరచువరకు ఎట్లో ప్రాణములు నిలుపుకొన్న ఇంద్రజాల్ కామిక్స్ సంచికను. మా వంశమున తొలి సంచిక 1964 మార్చిలో వెలువడినది. దానిలోని కథ పేరు ‘ది ఫాంటమ్స్ బెల్ట్’. టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికను నడపు బెనెట్ కోల్మన్ సంస్థ మాకు పుట్టినిల్లు. ఆ తొలిదినములలో మా పనిలో పాలుపంచుకొన్న అనంత్ పాయ్ గారే పిదప 1967లో అమరచిత్రకథలకు నాంది పలికిరి. 1990లో మా ప్రచురణ నిలిచిపోవునాటికి మేము 800కు పైగా వెలువడితిమి. నేను 1970ల నాటి దానను. చవుక కాగితము, నాలుగు రంగుల సిరా, నడుమ ఇనుప పిన్నులు: నా పుట్టుకను గూర్చి ఇంతకు మించి చెప్పదగినది లేదు.

చెప్పదగినదంతయు నాలోని కథానాయకుని గూర్చియే. అతడు ఫాంటమ్. హిందీ సంచికలలో వేతాళ్ అనియు, వంగభాషలో అరణ్యదేవ్ అనియు పేరొందినవాడు. లీ ఫాక్ అను అమెరికా రచయిత సృష్టించగా, రే మూర్ గీసిన బొమ్మలతో 1936 ఫిబ్రవరి 17న అక్కడి దినపత్రికలలో అతని కథ ఆరంభమైనది. సూపర్‌మ్యాన్ 1938లో గాని పుట్టలేదు. కావున ఒంటికి అంటుకొనియుండు దుస్తులు తొడిగి, కనుపాపలు కానరాని ముసుగు ధరించి లోకమును రక్షింప బయలుదేరిన వీరులలో పలువురికి మావాడు అన్నగారు. అయినను అతడు ఆకాశమున ఎగురలేడు. గుండు తగిలిన నెత్తురు కారును. ఆయువు తీరిన చచ్చును. అతని బలమంతయు ఒక రహస్యములో నున్నది. 1536లో సముద్రపు దొంగలు ఓడను ముట్టడించి తండ్రిని చంపగా, ఒడ్డునకు కొట్టుకొనివచ్చి బందర్ అను పొట్టి జాతివారి ఆదరణచే బ్రతికిన యువకుడొకడు, తన తండ్రిని చంపినవాని కపాలముపై చేయివేసి, దొంగతనమును క్రౌర్యమును అన్యాయమును రూపుమాపుటకు తానును తన సంతతియు జీవితము ధారపోయుదుమని ప్రతిజ్ఞ చేసెను. అది మొదలు తండ్రి తరువాత కొడుకు అదే ముసుగు ధరించి అదే కపాలగుహలో అదే సింహాసనము నధిష్ఠించుటచే, చావులేనివాడొక్కడే నాలుగువందల ఏండ్లుగా తిరుగుచున్నాడని అడవియెల్ల నమ్మినది. నా పుటలలోనివాడు 21వ వాడు. ప్రతి తరమువాడును తాను చేసిన పనులను స్వహస్తముతో వ్రాసి ఆ గుహలోనే భద్రపరచిన పెద్ద పెద్ద పుస్తకములు నాలోని ఒక బొమ్మలో వరుసగా కనిపించును; పుస్తకజన్మ ఎత్తిన నాకు ఆ బొమ్మయనిన మిక్కిలి ఇష్టము. అట్టి గౌరవము మాకు లోకములో దొరకుట అరుదు.

నాకు దొరకినది దబ్బనము. దుకాణపు యజమాని మా తోటివారిని కొందరిని ఒకచోట పేర్చి, అంచున దబ్బనముతో పొడిచి, పురికొసతో బిగించి కుట్టి, పైన అట్ట వేసి, అట్టపై తన ముద్ర గుద్దెను. నాకు ముందు ఒక మాండ్రేక్ సంచిక, వెనుక ఒక ఫ్లాష్ గార్డన్ సంచిక. చివర, 1976లో ఆబిద్ సుర్తీ రచనతో గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలతో మన దేశముననే పుట్టిన బహదూర్ కథ. ఆ కుట్టు ఎంత లోపలికి పడినదనగా, ఎడమ పుటలలోని కుడి అంచు మాటల బుడగలు సగము మడతలోనే మునిగిపోయినవి. బందర్ జాతి నాయకుడైన గురాన్ ఏమనుచున్నాడో తెలియుటకు పిల్లలు నన్ను రెండుచేతులతో విరిచి వెన్ను పగులదీసెడివారు. ఆ బాధను సహించితిని. చదువవలెనను ఆత్రముతో విరిచిన చేతులపై నాకు ఇప్పటికిని కోపము లేదు.

నన్ను చదివినవారిలో ఎక్కువమందికి ఆంగ్లము అంతంతమాత్రము. బొమ్మ చూచి కథ ఊహించుకొని, ఊహకు అందనిచోట పక్కవానిని అడిగి, అతడును తెలియక కల్పించి చెప్పినదానిని నమ్మి ముందుకు సాగెడివారు. బందర్ జాతి మన మచిలీబందరునుండియే వెళ్ళి ఆ అడవిలో స్థిరపడినదని గట్టిగా వాదించిన కుర్రవాడొకడుండెను. అతని మాట ఆ వీధిలో చాలకాలము చెల్లినది. ఆ పిల్లల ఇండ్లలోనే ‘చందమామ’కు జరిగిన మర్యాద వేరు. అందులోని బేతాళుని తల్లులును చదివిరి, తాతలును చదివిరి. వరండాలో కూర్చుండి బిగ్గరగా చదివించుకొనిరి. మా వేతాళునికి మాత్రము భౌతికశాస్త్రపు పాఠ్యపుస్తకము నడుమనే తావు. పెద్దల అడుగుల చప్పుడు వినబడినంతనే పైపుస్తకము మూతపడుటయు, దాని బరువుక్రింద నేను ఊపిరాడక యుండుటయు నిత్యకృత్యమయ్యెను. బొమ్మలున్నవి గనుక ఇది చదువు కాదని పెద్దలు తీర్మానించిరి. ఆ తీర్మానము చేయుటకు ముందు వారిలో ఒక్కరైనను నా పుట నొకటి తిరుగవేసియుండిన నేను ఇంత నొచ్చుకొనియుండను.

నిజముగా నన్ను గాయపరచినది బ్లేడు. ఫాంటమ్ హీరో అను తన తెల్లగుఱ్ఱమునెక్కి, డెవిల్ అను తోడేలు వెంట పరుగెత్తుచుండగా వచ్చు ఒక పెద్ద బొమ్మను, గోడకు అంటించుకొనుటకై ఎవడో అంచులవెంబడి చక్కగా కోసికొనిపోయెను. బొమ్మను ప్రేమించియే చేసెననుకొందును. కాని ఆ బొమ్మ వెనుకవైపున కథ యున్నదన్న తలంపు అతనికి రాలేదు. పోయిన వెనుకవైపే నా కథకు ముగింపు. ఆనాటినుండి నన్ను తెరచిన ప్రతి పిల్లవాడును ఆ చతురస్రపు కంతలోనుండి తరువాతి సంచిక ప్రకటనను చూచి, మొగము ముడుచుకొని నన్ను మూసెడివాడు.

టెలివిజన్ ఇండ్లకు వచ్చినది. వీడియో దుకాణములు వచ్చినవి. అద్దెకు తీసికొనువారు తగ్గిరి. దుకాణము ఎత్తివేయునాడు యజమాని మమ్ములను తూకమునకు కాక, రోజూ వచ్చి చదువుకొను ఒక కుర్రవానికి నామమాత్రపు ధరకు ఇచ్చివేసెను. అతడు కొంతకాలము నన్ను తలగడ ప్రక్కన ఉంచుకొనెను. పిమ్మట ఇంటర్మీడియట్ వచ్చినది, హైదరాబాదు చదువు వచ్చినది, ఉద్యోగము వచ్చినది, నేను అటకెక్కితిని.

అటక మీది జీవితమును గూర్చి ఎవరును వ్రాయలేదు గావున నేను కొంత చెప్పవలసియున్నది. అక్కడ కాలము ఋతువులచే గాక వాసనలచే తెలియును: వేసవిలో ఎండిన గోగునార వాసన, వానలలో తడిసిన పెంకుల వాసన. వెలుతురుగూడ తక్కువయే, అయినను కాగితము పచ్చబడుట ఆగదు. మేము కట్టెగుజ్జుతో తయారైనవారము, ఆ గుజ్జులోని లిగ్నిన్ అను పదార్థము గాలి సోకినకొలదియు రంగు మారును, దానితోడి ఆమ్లము నారను తినివేయును. వంచిన తోడనే విరుగు స్థితికి నేను వచ్చితిని. పిన్నులు తుప్పుపట్టి, ఆ తుప్పు ప్రతి పుట నడుమను ఎఱ్ఱని మరకయై దిగినది. ఒక సంవత్సరము చెదలు ఫ్లాష్ గార్డన్‌ను వెనుకనుండి తినుకొనుచు నా అంచువరకు వచ్చినవి. ప్రక్కవాడు పొడియై రాలుచుండగా ఏమియు చేయలేక పడియున్న దినములవి. నేనే చూచినందున చెప్పుచున్నాను, పుస్తకము చచ్చునపుడు చప్పుడు కాదు.

ఇంతలో ఎవరో ఎత్తుగా ఉండునని ఆవకాయ జాడీ నొకదానిని మా అట్టపై నిలిపిరి. జాడీ అడుగున కారిన నూనె అట్టను దాటి లోనికి ఇంకి, నాలోని కొన్ని పుటలపై గుండ్రని మచ్చగా విస్తరించినది. ఆ మచ్చ మేర కాగితము పారదర్శకమైపోయి, ముందువైపున ఫాంటమ్ పిడికిలియు, వెనుకవైపున సముద్రపు దొంగల ఓడయు ఒకే బొమ్మలో కలిసి కనిపించును. అతని పిడికిలి తెరచాపను చీల్చుకొనిపోవుచున్నట్లుండును. చిత్రమేమనగా, నూనె తాకిన ఆ భాగమును చెదలు ముట్టలేదు. గుంటూరు కారము నాకు చేసిన మేలును మరువను.

ఆ ఇంటి పెద్దామె కాలము చేసిన తరువాత ఇల్లు ఖాళీ చేయుటకు అక్కాతమ్ములు వచ్చిరి. అక్క నన్ను క్రిందికి దింపి దులుపుచు, “ఒరేయ్, ఈ పాత పుస్తకాలన్నీ పేపర్లవాడికి వేసేద్దామా?” అని అడిగెను. అతడు నా అట్టమీది ముద్రను తడిమి చూచి, “ఉండక్కా, ఇది మాత్రం నేను తీసుకెళ్తా” అనెను. త్రాసు తప్పినది. అతడిప్పుడు హైదరాబాదులో చరిత్ర చెప్పు అధ్యాపకుడు. కన్నులకు అద్దములు వచ్చినవి.

అతడు నన్ను బాల్యస్మృతిగా అద్దాల బీరువాలో పెట్టునని అనుకొంటిని. అట్లు చేసియుండిన ఈ కథ వ్రాయనవసరము లేకుండెను. అతడు నన్ను బల్లపై పరచి, మొదటిపుట నుండి, చదువవలసిన పుస్తకమును చదువునట్లే చదువనారంభించెను. కళ్ళజోడు తీసి మొగము దగ్గరకు తెచ్చి చూచి, దూరము నుండి ఒకే ఊదారంగుగా కనిపించు ఫాంటమ్ భుజము నీలపు చుక్కలును ఎఱ్ఱ చుక్కలును కలిసి ఏర్పడినదని గమనించెను; ఒకచోట ఆ రంగు గీతను దాటి ఆకాశములోనికి జారియుండుట చూచి చాలసేపు అక్కడనే నిలిచెను. మాటలేని మూడు బొమ్మలలో చెట్టు, చెట్టు వెనుక నీడ, నీడ లేని చెట్టు చూపించి శత్రువునకు భయము పుట్టించిన కౌశలమును వ్రేలితో చూపి మెచ్చుకొనెను. బాల్యములో ఆ పుటను క్షణములో దాటిపోయినవాడే ఇతడు. నాకు కలిగిన గర్వమును దాచుకొనను.

కాని అతడు మెచ్చుకోలుతో ఆగలేదు. పాత దినపత్రికలలోని ఫాంటమ్ కథలను యథాతథముగా తిరిగి అచ్చొత్తిన సంపుటమొకటి తెచ్చి నా ప్రక్కన తెరచి, బొమ్మకు బొమ్మ పోల్చసాగెను. అపుడు నాకును తెలియనిది బయటపడినది. నాలో ‘డెంకాలి’ అని అచ్చుపడిన దేశము మూలములో బెంగల్లా. నాలో ‘సింగా’ అని యున్న సముద్రపు దొంగలు మూలములో సింగ్‌లు. ఫాంటమ్ తండ్రిని చంపిన ‘రామలు’ మూలములో రామా. తొలినాటి కథలలో ఆ అడవి ఆసియా ఖండమున ఎక్కడో యున్నట్లుండి, తరువాత ఆఫ్రికాకు జరిగినది. అనగా, తెల్లదొర ముసుగు వేసికొని తరతరములుగా అణచుచు వచ్చిన దుర్మార్గులు మన పేర్లు పెట్టుకొన్నవారు. ఆ పేర్లను బొంబాయిలో మార్చి గాని మన పిల్లల చేతికి ఇయ్యలేదు. మార్చినవారిని తప్పుపట్టజాలను, వారు బిడ్డల మనసు నొవ్వకుండ కాపాడిరి. అయినను, నా మాటల బుడగలలో ఒక తెర యున్నదని ఇన్నాళ్ళు ఎరుగకపోవుట నన్ను కలవరపెట్టినది. ఆ చిన్ననాటి చదువరు లెల్లరు తమ పేర్లకే వ్యతిరేకముగా చప్పట్లు కొట్టిరి గదా!

అతడు ఆగ్రహముతో నన్ను మూసివేయునని భయపడితిని. మూయలేదు. పెన్సిలు తీసికొని, ‘సింగా’ అన్నచోట సన్నని గీత గీసి, అంచున ‘సింగ్’ అని వ్రాసెను. ఎండిన కాగితము విరుగకుండ ఎంత తేలికగా వ్రాసెనో! బ్లేడుతో కోసినవారు, నూనె కార్చినవారు, ముద్ర గుద్దినవారు నాపై విడిచిన గుర్తులెన్నో కలవు; నన్ను అర్థము చేసికొనుటకై వేసిన గుర్తు ఇదియొక్కటే.

అతని కూతురు, ఇంకను బడిచదువు ముగియని పిల్ల, భుజము మీదుగా తొంగిచూచి అడిగెను: “నాన్నా, ఆ గురాన్‌కి వైద్యం తెలుసు, విషం బాణాలు తెలుసు, అడవి దారులన్నీ తెలుసు. అడవీ వాళ్ళదే. మరి సింహాసనం మీద ఎప్పుడూ ఇతనే కూర్చుంటాడేం?”

“బాగా అడిగావమ్మా. లీ ఫాక్‌కి కూడా ఆ ప్రశ్న ఎప్పుడో తట్టే ఉంటుంది. పద, వెతుకుదాం,” అనెను తండ్రి.

వెదకగా దొరకినది ఉన్నది. 1960ల నుండి వచ్చిన కథలలో బెంగల్లాకు స్వాతంత్ర్యము వచ్చినది. లమాండా లువాగా అను నల్లజాతి వైద్యుడు ఎన్నికలలో గెలిచి అధ్యక్షుడయ్యెను. అరణ్యరక్షకదళమునకు వొరుబు అను నల్లజాతి కర్నల్ అధిపతి అయ్యెను. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగము చేయు డయానాతో ఫాంటమ్‌కు వివాహము 1977లో గాని జరుగలేదు. రచయిత తాను మారుచు తన లోకమును మార్చుకొనుచు వచ్చెను. గుహలోని సింహాసనము మాత్రము మారలేదు. తండ్రి ఈ రెండు సంగతులను ఒకదానితో ఒకటి కొట్టివేయక, పక్కపక్కన ఒక నోటుపుస్తకములో వ్రాసికొనెను. పిల్ల రెండవదానిని సమ్మతింపలేదు. సమ్మతింపక యుండుటకు ఆమెకు హక్కున్నదని నా అభిప్రాయము.

ఇపుడు ఆదివారములలో తండ్రీకూతుళ్ళు ఆబిడ్స్ కాలిబాటలపై పరచిన పాతపుస్తకముల నడుమ, నాతోటి ప్రతి యేదైన బ్లేడు పడక మిగిలియున్నదా యని వెదకుచున్నారు. అక్కడ దొరకు మా వారిలో కొందరు ప్లాస్టిక్ సంచులలో ముద్రవేయబడి, తెరచిన వెల తగ్గునను భయముచే ఎవరిచేతను చదువబడక యున్నారట. వారి నిగనిగ చూచి నాకు అసూయ కలుగుట లేదు. ముగింపు దొరకినచో దానిని నాలో అంటింపక, పలుచని కాగితముపై నకలు తీసి విడిగా ఉంచుదునని ఆయన అనుచున్నాడు. అదియే మేలు, జిగురును నేను భరింపలేను. ఇంతలో నాకు ముందు కుట్టబడిన మాండ్రేక్ సంచికను తెరచిరి. చిరుతపులితోలు కట్టుకొని వచ్చీరాని మాటలతో తిరిగిన మాండ్రేక్ సహచరుడు లోథార్, 1965లో ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ బొమ్మలు చేపట్టిన పిదప మామూలు దుస్తులతో మామూలు మాటలతో ఎట్లు నిలిచెనో పోల్చి చూడవలెనని నిన్నటి రాత్రి అనుకొనిరి. పెన్సిలు చెక్కి సిద్ధముగా నున్నది. ప్రశ్నలడుగు పని పిల్ల తీసికొన్నది.