మౌనానికి మహాభాష్యం

అధ్యక్షా! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు ఎంత మంచిదో నిన్న గ్రంథాలయం సభలో తమరి నోటి ధర్మాన తెలిసింది. అంశం మితభాషణం. ప్రసంగం గంటా నలభై నిమిషాలు. మితం దాటితే ఎలా ఉంటుందో తెలియందే మితం విలువ తెలియదని కాబోలు, తమరే శ్రమ తీసుకుని దాటి చూపించారు.

"నాలుగు ముక్కలు చెప్పి విరమిస్తాను" అన్నారు. మాట తప్పలేదు, నాలుగు ముక్కలే. మొదటి ముక్క తమరి బాల్యం.

అంతకుముందు, ఇటీవల పోయిన పాత కార్యదర్శి గారి కోసం రెండు నిమిషాల మౌనం అంటూ మమ్మల్ని లేపారు. అరనిమిషమైనా కాకముందే మౌనం మహిమ వివరించడం మొదలుపెట్టారు. అర్థం తెలియకుండా ఊరికే మౌనం పాటించే మాబోటి మందమతుల మీద ఎంత దయ!

కావ్యకంఠ గణపతి ముని 1907లో అరుణాచలంలో తపస్సంటే ఏమిటని అడిగితే, రమణులు చాలాసేపు మౌనంగా చూసి, ఆనక రెండు మాటల్లో జవాబిచ్చారట. ముని తొందరపడి అంతదూరం వెళ్లారు. తమరి ఎదుట కూర్చుని ఉంటే, అలా కూర్చోవడమే తపస్సని ఆయనకే బోధపడేది.

గాంధీగారికి సోమవారం మౌనవ్రతం. 1947 జూన్ 2 సోమవారమే వచ్చింది. దేశ విభజన గురించి మౌంట్‌బాటన్ చెబుతుంటే, ఆయన పాత కవర్ల వెనక రాసి ఇచ్చారు తప్ప నోరు విప్పలేదు. దేశం ముక్కలయ్యే వేళ కూడా చీటీలతోనే సరిపెట్టుకున్నారు, పొదుపరి మనిషి!

చీటీలు తమరికీ అందాయి. మొదటిది కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నారు. రెండోది పైకే చదివారు: "సమయం మించిపోయింది." ఎంత గొప్ప సత్యమో అని, కాలం విలువ మీద మరో పావుగంట.

చివరికి, పొరుగూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముఖ్యవక్తకు అయిదు నిమిషాలు ప్రసాదించారు. "క్లుప్తంగా" అని చెవిలో హెచ్చరించారు కూడా. ఆయన లేచి, నమస్కారం పెట్టి, కూర్చున్నారు. హాలంతా చప్పట్లు. అవి తమకేననుకుని తమరు మళ్లీ మైకు అందుకున్నారు.